ఊరి నుంచి వచ్చిన బ్యాటరీ

మా అత్తగారింట్లో బజారులో కొనడమంటే తలవంపులు. ఖమ్మంలో వేరు కాపురం పెట్టినా సరే, బియ్యం, కారం, కందిపప్పు, నెయ్యి, ఆఖరికి చీపుళ్లు కూడా ముదిగొండ దగ్గరి మా ఊరి నుంచే రావాలి. కొట్లో కిలో పప్పు కొన్నానని తెలిస్తే చాలు, మా అత్తయ్య మర్నాడే బస్సెక్కి వచ్చేది, "మేం చచ్చినమనుకున్నవా?" అంటూ. వీధిలో ఆడవాళ్లు నన్ను అదృష్టవంతురాలు అనేవాళ్లు. ఊళ్లో భూములున్న వాళ్లందరికీ ఇంటి నుంచి బియ్యం వస్తాయి. నాకు కంప్యూటర్ బ్యాటరీ కూడా వచ్చింది. ఆ అదృష్టం నన్నేం చేసిందో చెబుతాను.

తొంభైల మధ్య సంగతి. మా ఆయన మిర్చి యార్డులో ఒక కమిషన్ దుకాణంలో గుమాస్తాగా చేసి, షావుకారుతో మాటామాటా పెరిగి మానేశారు. "కిరాయి కొంపలో ఏం చేస్తరు, ఊరొచ్చెయ్యండి" అని మా బావగారి నుంచి, అంటే మా ఆయన అన్నగారి నుంచి, కబురు మీద కబురు. ఊరంటే ఏమిటో నాకు తెలుసు. పెళ్లయిన కొత్తలో అక్కడే ఉన్నాను. తెల్లవారకముందే లేచి కూలీలకు సద్ది కట్టడం, మధ్యాహ్నం పొలానికి అన్నం పంపడం, కల్లాల రోజుల్లో పొద్దుగూకేదాకా పొయ్యి దగ్గరే. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. కాకపోతే ఏ విషయంలోనైనా నన్ను ఒక మాట అడగాలని కూడా ఎవరికీ తోచలేదు. ఇంట్లో గేదె పాలు తగ్గితే నలుగురూ కూర్చుని మాట్లాడుకునేవాళ్లు. నేను మాట్లాడటం తగ్గిందని ఎవరూ గమనించలేదు.

ఖమ్మం వచ్చాక టైపు నేర్చుకున్నాను, ఆ తర్వాత డీటీపీ. ఒక కోచింగ్ కాలేజీ వాళ్లు పాత కంప్యూటర్లు తీసేస్తుంటే ఒకటి ఇంటికి తెచ్చుకున్నాను. వాళ్ల ప్రశ్నపత్రాలు కొట్టి ఇవ్వడం మొదలుపెట్టాను. భిన్నాలు, వర్గమూలాలు, రసాయన సమీకరణాలు తెలుగు అక్షరాల మధ్య తప్పు లేకుండా కూర్చడం అందరికీ చేతనయ్యే పని కాదు. నాకు చేతనయింది. ఒకరోజు ప్రిన్సిపాల్ గారు పిలిచి, "కొత్త పిల్లలకిచ్చే ప్రశ్నల పుస్తకం మొత్తం ఈసారి మీరే చెయ్యండమ్మా. మంచిగ వస్తే ఇక్కడే టైపింగ్ సెక్షన్ పెడ్తున్నం, అది మీ చేతికే ఇస్తం" అన్నారు. కాలేజీలో నాకంటూ ఒక గది, ఒక కుర్చీ. ఇంటికి వచ్చేదాకా నేల మీద నడిచానో లేదో తెలియదు.

మా బావగారికి ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన "సరే, దసరా దాకా చూద్దాం. పని నిలబడ్డదా, ఉండండి. లేదా, ఊరికి రావాలె" అన్నారు. మా ఆయన తల ఊపారు. మా ఆయనకు అన్నగారి ముందు తల ఊపడం తప్ప మెడతో వేరే పని లేదు. ఆ విధంగా నా బతుకు ఆ పుస్తకం మీద నిలబడింది. పుస్తకం కంప్యూటర్ మీద, కంప్యూటర్ కరెంటు మీద.

కరెంటు సంగతి వేరే చెప్పాలా? మా జిల్లాలోనే బొగ్గు తవ్వుతారు. మా జిల్లాలోనే పాల్వంచ దగ్గర ఆ బొగ్గు మండించి కరెంటు చేస్తారు. అది పెద్ద పెద్ద తీగల్లో మా నెత్తి మీదుగా ఎటో పోతుంది. మాకు మిగిలేది బూడిద, కోత. వేళ చెప్పి కోస్తే బాధ లేదు, చెప్పకుండా పోయేదే ఎక్కువ. చుట్టుపక్కల ఊళ్లలో మోటార్లన్నీ ఒక్కసారి వేస్తే మా ఇంట్లో బల్బు ఎర్రబడి వణికేది, కంప్యూటర్ తెర నాలుగు వైపుల నుంచీ ముడుచుకునేది. అప్పుడు గుండె చిక్కబట్టుకుని ఫైలు భద్రం చేసుకోవాలి. ఒక్కోసారి ఆ వణుకు కూడా ఉండదు, పుటుక్కున పోతుంది. మధ్యాహ్నమంతా కూర్చిన సమీకరణాలు గాలిలో కలిసేవి. ఏడుపొచ్చేది. ఏడ్చి మళ్లీ కొట్టేదాన్ని.

నేను కరెంటు లేని ఊళ్లో పుట్టిన దాన్నే. మా నాన్న బూర్గంపాడు అవతల, భద్రాచలం అడవి అంచున ఒక పల్లెలో బడిపంతులు. డెబ్బైలలో ఆ ఊరికి కరెంటు స్తంభం కూడా లేదు. రేడియో సెల్లు నీరసించిపోతే మా నాన్న వాటిని తీసి ఎండలో పెట్టేవాడు. ఎండిన సెల్లు మళ్లీ ఒక పూట వార్తలు వినిపించేవి. ఆ పూట మా ఇంటి అరుగు మీద కోయవాళ్లు, మేము, అందరం కూర్చుని వినేవాళ్లం. సెల్లును చూసుకుంటే అది మనల్ని చూసుకుంటుందని మా నాన్న నమ్మకం. అక్కడ కరెంటు లేదని ఎవరూ ఏడవలేదు. లేనిది పోదు కదా.

కంప్యూటర్‌తో పాటు వచ్చిన యూపీఎస్ పెట్టె ముసలిదైపోయింది. కరెంటు పోగానే కుయ్యి కుయ్యిమని అరిచి, నేను ఫైలు మూసేలోపే నోరు మూసుకునేది. ఇన్వర్టర్, పెద్ద బ్యాటరీ తప్ప దారి లేదని తేలింది. ఏది కొనాలో తెలియక విజయవాడ షాపుల నుంచి కాగితాలు తెప్పించుకుని చదివాను. పెద్ద విద్యేమీ కాదు. బండికి పెట్టే బ్యాటరీ ఒక్క ఊపు కోసం చేసింది. ఇంజిన్‌ను తిప్పి పక్కకు తప్పుకుంటుంది, ఇంజిన్ తిరిగి దాన్ని నింపేస్తుంది. ఇంట్లో పెట్టేది అలా కాదు, నెమ్మదిగా గంటసేపైనా ఇస్తూ ఉండాలి. అందుకని దాని లోపలి పలకలు మందంగా చేస్తారు. బండి బ్యాటరీని అడుగంటా తోడితే తొందరగా చస్తుంది. ఇదంతా నేను మా ఆయనకు చెప్పాను. ఆయన వాళ్ల అన్నగారికి చెప్పారు. బావగారు మర్నాడే దిగారు.

"ఏందమ్మా, కొత్తది కొన్నంక పాత ట్రాక్టర్ షెడ్డులో ఊరికే నిలబడి ఉంది. దాని బ్యాటరీ ఉండంగ బజార్ల ఇంకోటి కొనేదేంది? నలుగురు నవ్వరా?"

"బావగారూ, అది ట్రాక్టర్‌ది. దీనికి వేరే రకం కావాలండీ."

"కరెంటు కరెంటే గదమ్మా. మన బియ్యంతో వండితే ఒక అన్నం, బజారు బియ్యంతో వండితే ఇంకో అన్నం అయితదా?"

ఇన్వర్టర్ కట్టే మెకానిక్ దుకాణానికి నన్ను కూడా తీసుకెళ్లారు, న్యాయం చెప్పించడానికి. రేడియోలు, టీవీలు బాగుచేసే భాయ్ అతను. బావగారి తెల్లటి చొక్కా వైపు చూసి, "నడుస్తది సార్, మస్తు నడుస్తది. మీరు ఏది తెస్తే దానికే కనెక్షన్ ఇస్త" అన్నాడు. బావగారు టీ చెప్పడానికి అవతలికి వెళ్లగానే నా వైపు తిరిగి, "మీరు చెప్పిందే కరెక్టమ్మా. కానీ పెద్దమనిషి ముంగట ఎట్ల అంటం?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. నిజం అతనికీ తెలుసు, నాకూ తెలుసు. తెలియని మనిషి మాటే నెగ్గింది.

అలా వచ్చింది బ్యాటరీ, బస్సు టాపు మీద, బియ్యం బస్తా పక్కన. దారిలో యాసిడ్ ఒలికి బస్తాకు చిల్లు పడింది. మా అత్తయ్య చిల్లు దగ్గరి నాలుగు గుప్పెళ్లు తీసి పారేసి, మిగతావి వండమంది. ఇంటివి కదా.

సరే, వచ్చినదాన్ని చంపుకోలేను. కంటికి రెప్పలా చూసుకున్నాను. అది వదిలే గాలి మంచిది కాదని ఇంట్లో పెట్టలేదు, వరండా మూల చెక్కపెట్టె చేయించి అందులో పెట్టాను. చివర్ల మీద పువ్వులా పూసిన తెల్లటి పొడిని వేడినీళ్లు, వంటసోడాతో కడిగి, తుడిచి, వాజిలీన్ రాశాను. ఆరు మూతలు విప్పి పలకలు మునిగేదాకా నీళ్లు పోసేదాన్ని. దానికి కుళాయి నీళ్లు పనికిరావు, డిస్టిల్డ్ వాటర్ కావాలి. అది డబ్బాలో బజారులోనే దొరుకుతుంది. ఒకసారి ఆ డబ్బా మా అత్తయ్య కంట పడింది.

"నీళ్లు గూడ కొంటున్నవా?" అని ముక్కున వేలేసుకుంది. "మన బావి నీళ్లు కొబ్బరి నీళ్ల లెక్క ఉంటయ్. అన్ని ఊళ్లోళ్లు తాగుతరు. నీ బ్యాటరీ తాగదా?"

ఆ వారం బియ్యంతో పాటు బావినీళ్ల డబ్బా కూడా వచ్చింది. ఆ నీళ్లతో పప్పు వండాను. డిస్టిల్డ్ వాటర్ డబ్బాను కిరసనాయిలు టిన్ను వెనక దాచుకుని, అత్తయ్య లేనప్పుడు పోసేదాన్ని. దొంగతనంగా సారా తాగే మగవాళ్లను చూశాం గానీ, దొంగతనంగా నీళ్లు పోసే ఆడదాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను. యాసిడ్ చుక్కలు పడి నా పాత చీరలన్నింటికీ చిల్లులు. దాన్ని అడుగంటా తోడకూడదు కాబట్టి కరెంటు పోగానే చేతిలో ఉన్న లెక్క పూర్తిచేసి, భద్రం చేసి, ఆపేసేదాన్ని. క్రికెట్ ఉన్న రోజు మా ఆయన టీవీ దానికి తగిలించబోతే ఒప్పుకోలేదు. రెండు పూటలు నాతో మాట్లాడలేదాయన. మాట్లాడకపోతే పోయె, బ్యాటరీ నిలబడింది. ట్రాక్టర్ బ్యాటరీయే అయినా, రోజూ కనిపెట్టుకుని ఉండే మనిషి దొరికింది దానికి. అలా నన్ను కనిపెట్టుకుని ఉండే మనిషి నాకు లేదు.

వానలు పడ్డాయి. కాలువకు నీళ్లు వదిలారు, ఊళ్లో నాట్లకు పొలాల్లో దమ్ములు మొదలయ్యాయి. నా పుస్తకం కూడా చివరికొచ్చింది. భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం అయిపోయాయి, లెక్కల్లో ఆఖరి అధ్యాయాలు మిగిలితే అవీ నాలుగు రోజుల్లో పూర్తిచేశాను. మర్నాడు పొద్దున దిద్దిన కాగితాలు చూపించడానికి కాలేజీకి వెళ్లాను. ప్రిన్సిపాల్ గారు చూసి, "రేపు ఫ్లాపీలు ఇస్తే ప్రెస్సుకు పంపిద్దాం" అన్నారు. టైపింగ్ సెక్షన్‌కు అనుకున్న గది కూడా చూపించారు. కిటికీ ఉంది. కిటికీ కింద బల్ల ఎక్కడ వేయించాలో కూడా చెప్పి వచ్చాను.

ఇంటికొచ్చేసరికి గుమ్మం దగ్గర బెండకాయల సంచి ఉంది. "అన్న వచ్చి పోయిండు" అన్నారు మా ఆయన. "లేత బెండకాయలు తెచ్చిండు, పులుసు పెట్టు." అంతే. అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు.

అన్నం తిని, పుస్తకమంతా ఫ్లాపీల్లోకి ఎక్కించడానికి కూర్చున్నాను. అంత పెద్దది ఒక్కదానిలో పట్టదు, ముక్కలు ముక్కలుగా ఫ్లాపీల్లో ఉన్న పాత ప్రతులు చెరిపి కొత్తవి ఎక్కించాలి. బయట మబ్బు కమ్ముకొచ్చింది, గాలి లేచింది. వేరే రోజైతే అలాంటి గాలిలో ఆ పని పెట్టుకునేదాన్ని కాదు. కానీ వరండాలో నా బ్యాటరీ ఉంది. నిన్ననే నీళ్లు చూశాను, నిండుగా ఉంది. ధైర్యంగా మొదలుపెట్టాను.

కరెంటు పోయింది. ఇన్వర్టర్ టక్కున అందుకుంది, తెర ఒక్కసారి వెలిగి, వణికి, ఆరిపోయింది. కరెంటు వచ్చింది. మిషన్ మళ్లీ లేవబోయింది. మళ్లీ పోయింది. ఇన్వర్టర్ అందుకోబోయి చేతులెత్తేసింది. నేను ప్లగ్గు పీకేలోపే ఇంకోసారి వచ్చి పోయింది. ఆ తర్వాత కరెంటు నిలకడగా వచ్చినా, కంప్యూటర్ లోపల నుంచి కరకరమని రాయి మీద కత్తి గీసినట్టు చప్పుడు. తెర మీద ఏమీ రాలేదు.

వరండాలోకి పరుగెత్తి చెక్కపెట్టె మూత తీశాను. నల్లటి బ్యాటరీ, అదే కంపెనీది. రెండు ట్రాక్టర్లకూ ఒకే రకం వాడేవాళ్లు. కానీ చివర్ల మీద వాజిలీన్ లేదు, తెల్లటి పొడి పేరుకుని ఉంది. మూతలు విప్పితే లోపల పలకలు ఎండి పగుళ్లు తేలాయి. పక్కన అంటిన పొలం మట్టి ఇంకా తడిగానే ఉంది.

మా ఆయన గుమ్మంలోకి వచ్చారు. నేను అడక్కముందే చెప్పారు. కొత్త ట్రాక్టర్ దమ్ము మధ్యలో మొరాయించిందట. దాని బ్యాటరీలో నీళ్లు చూసిన పాపాన ఎవరూ పోలేదు మరి. బావగారు వచ్చి నా దాన్ని తీసుకుని, ఎండిపోయిన ఆ బ్యాటరీని నా పెట్టెలో పెట్టి వెళ్లారు. రెండోవైపు పట్టి మోసింది మా ఆయనే.

"నాకు ఒక్క మాట చెప్పకూడదూ?"

"చెప్తే నువ్వు ఊరుకుంటవా? నాట్లు ఆగుతయ్ గద. ఊరికే తీస్కపోలేదు, బ్యాటరీకి బ్యాటరీ పెట్టిండు."

చేతిలో ఉన్న మూతలు నేలకేసి కొట్టాను. ఆయన వంగి వాటిని ఏరుతుంటే అసహ్యం వేసింది. ఆయన మీదా, దసరా గడువుకు తలవంచిన నా మీదా.

కంప్యూటర్ హార్డ్ డిస్క్ బాగుపడలేదు. ఫ్లాపీల్లో సగం చెరిపినవి, సగం ఎక్కించనివి. చేతిలో మిగిలింది మూడో వంతు పుస్తకం కూడా లేదు. ప్రిన్సిపాల్ గారు మంచివారే. "అయ్యో" అన్నారు. "ఇంకెప్పుడమ్మా, ప్రెస్సోళ్లకు మాటిచ్చినం, పిల్లలు అడుగుతున్నరు" అని కూడా అన్నారు. పుస్తకం విజయవాడలో ఒక డీటీపీ సెంటర్‌కు పోయింది. దాని వెంటే టైపింగ్ సెక్షన్ కూడా ఆ సెంటర్ మనిషికే పోయింది. కిటికీ కింద బల్ల నేను చెప్పినచోటే వేయించారట.

"ఒక్క బ్యాటరీకి ఇంత గొడవా?" అన్నారు బావగారు. "మిషన్లన్నంక చెడిపోతయ్. మనకు ఇల్లు లేదా, పొలం లేదా?"

దసరా రాకముందే సామాను సర్దాం. సామాను తీసుకెళ్లడానికి కూడా కిరాయి బండి మాట్లాడలేదు, ఇంటి ట్రాక్టరే వచ్చింది. తాళం తిప్పగానే ఒక్క ఊపులో లేచింది. నా బ్యాటరీ అది. నేను పోసిన నీళ్లతో, నేను తుడిచిన చివర్లతో, నన్ను ఖమ్మం నుంచి ఊరికి లాక్కుపోయింది. ట్రాక్టర్ వెనక ట్రక్కులో మంచం మీద కూర్చుని, ఒళ్లో కంప్యూటర్ పెట్టుకుని వెళ్లాను. అత్తయ్య మాత్రం సంతోషంగా ఉంది.

కంప్యూటర్‌ను మిర్చి బస్తాల గదిలో పెట్టి పాత దుప్పటి కప్పారు. ఘాటుకు తుమ్ములొస్తాయని ఆ గదిలోకి ఎవరూ పోరు. నేను మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లాను. అయితే ఊళ్లో నాకు కొత్తగా ఒక గౌరవం దొరికింది. "అమ్మాయ్, ట్రాక్టర్ బ్యాటరీల నీళ్లు చూడమ్మా" అని బావగారు పిలిచేవారు. నేను వెళ్లి చూసేదాన్ని. దాని మీద కోపం తెచ్చుకోలేకపోయాను. దానికేం తెలుసు పాపం, ఎవరింట్లో ఎవరి పని చేస్తోందో. రెండు పంటలు అలాగే చూశాను.

ఒకసారి బావగారి వియ్యంకులు వచ్చారు. ట్రాక్టర్ ఒక్క తాళానికే లేవడం చూసి మెచ్చుకున్నారు. బావగారు మీసం దువ్వుకుంటూ, "మా మరదలు చూస్తదండీ బ్యాటరీ. కంప్యూటర్ చదివింది గద. ఆ చదువు ఎందుకు పనికొచ్చిందంటే, దీనికి పనికొచ్చింది" అని నవ్వారు. అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు. వాళ్ల నవ్వు ఆగకముందే బావగారు నా వైపు తిరిగి, "పోయి ఒకసారి నీళ్లు చూడమ్మా" అన్నారు.

"నేను చూడను బావగారూ" అన్నాను.

ఆ ఇంట్లో నేను ఆ మాట అనడం అదే మొదలు. అత్తయ్య లోపలికి రమ్మని సైగ చేసింది, నేను కదల్లేదు. "దానికి నీళ్లు పోసినన్నాళ్లూ అది నాదనుకున్నాను. నాది కాదని మీరే చెప్పారు. ఎవరిదో వాళ్లే పోసుకోండి." ఆ తర్వాత దాని మూత ఎవరూ విప్పలేదు. అది మగవాళ్ల పని అని ఆడవాళ్లు, అది నా పని అని మగవాళ్లు.

ఎండాకాలం దాటి, తొలకరి దుక్కులప్పుడు ఒకరోజు పొద్దున ట్రాక్టర్ లేవలేదు. బావగారు నన్ను పిలవలేదు, ఎవరినీ ఏమీ అడగలేదు. ఏ రకం కావాలో, ఇంట్లో ఇంకోటి ఉందా లేదా అని చర్చ కూడా జరగలేదు. మోటార్ సైకిలేసుకుని నేరుగా ఖమ్మం వెళ్లారు. మధ్యాహ్నం భోజనాల వేళకల్లా అట్టపెట్టెలో కొత్త బ్యాటరీ వచ్చింది, దాంతోపాటు డిస్టిల్డ్ వాటర్ డబ్బాలు కూడా వచ్చాయి. మా అత్తయ్య దానికి పసుపు, కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టింది. నాకూ ఒక చిప్ప ఇచ్చింది. బజారులో కొన్నామని ఆ రోజు మా ఇంట్లో ఎవరికీ తలవంపులు అనిపించలేదు.